కొండకు తగిన సైకిలు

ముంచింగిపుట్టు బజారులో సైకిళ్లు బాగుచేసే మనిషి వెనక చక్రం విప్పుకుని కూర్చున్నాడు. కోన్ వదులుచేసి, ఎర్రమట్టి కలిసి ముద్దయిన గ్రీజును గుడ్డతో తుడిచి, గోళీలను ఒక్కొక్కటే అరచేతిలో దొర్లించి చూశాడు. గీత పడ్డవాటిని పక్కకు నెట్టి, రేకు డబ్బాలోంచి కొత్తవి తీసి పేర్చి, కోన్ బిగించి, మళ్లీ కాస్త వదిలాడు. చక్రాన్ని తిప్పి రిమ్ము పక్కన బొటనవేలి గోరు ఆనించాడు. గోరుకు తగిలినచోటల్లా స్పోకు సర్దాడు. 40 స్పోకుల చక్రం అలా గోటి కొలతతోనే దారికి వచ్చింది. ఇంత పనితనం చూశాక అతని మాట మరీ బాధ కలిగించింది: "బండి పాడైతే పాడేరు దాకా అట్టుకెల్తారు బాబూ. సైకిలు పాడైతే గోడకి ఆనించీసి ఒగ్గెత్తారు."

సైకిలు మైదానానిదని, కొండకు పనికిరాదని అందరూ అనుకుంటారు. ఈ నేలను సరిగా చూడకుండా అనే మాట అది. ముంచింగిపుట్టు మండలాన్ని ఆనుకుని పారే మాచ్‌ఖండ్ నదినే తీసుకుందాం. జోలాపుట్టు జలాశయం పూర్తి నీటిమట్టం 2,750 అడుగులు, దిగువన డుడుమ డ్యాంది 2,590. రెంటికీ తేడా 160 అడుగులే. నది అసలు లోయలోకి దూకేది ఆ తర్వాత. ఆ దూకుడు మీదే 1955 నుంచి మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం నడుస్తోంది. ఆ దూకుడుకు ఎగువన నది వెంట ఉన్నది నిట్టనిలువు కొండ కాదు, ఎగుడుదిగుడు పీఠభూమి. ఘాట్‌రోడ్డు మలుపులు తలుచుకుని ఇక్కడి ఊళ్ల మధ్య దారులను అంచనా వేయకూడదు. తొక్కలేని ఎత్తు వస్తే దిగి తోసుకుపోవచ్చు. 1954లో దియన్ బియన్ ఫూ యుద్ధానికి వియత్నాం కూలీలు ఒక్కో సైకిలు మీద సుమారు రెండు వందల కిలోల బరువు కట్టి, అడవి కొండదారుల్లో తోసుకుంటూ వెళ్లారు. పసుపు, చోళ్లు, పిప్పళ్లు కావిడి వేసుకుని సంతకు వచ్చే మనిషికి, భుజం మీది బరువు చక్రాల మీదికి దిగితే అదే పెద్ద మేలు.

అయితే మనం అమ్మే, పంచే సైకిలు ఈ నేలను దృష్టిలో పెట్టుకుని చేసినది కాదు. 28 అంగుళాల చక్రాల పాతకాలపు గట్టి సైకిలుకు సాధారణంగా ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు. పెడలు ఒక చుట్టు తిరిగితే సుమారు 5.4 మీటర్లు పోతుంది. చదును రోడ్డుకు అది హాయి, ఎత్తుకు మోకాళ్ల నొప్పి. వెనక 22 పళ్ల ఫ్రీవీలు వేస్తే చుట్టుకు 4.4 మీటర్లే నడుస్తుంది, కాలిమీద భారం ఐదో వంతుకు దగ్గరగా తగ్గుతుంది. బ్రేకుల సంగతి ఇంకా ముఖ్యం. ఇనుప రిమ్ము తడిస్తే రబ్బరు పట్టు జారుతుంది. నెలల తరబడి వాన కురిసే చోట, పల్లంలో, ఇది ప్రాణం మీదికి తెచ్చే లోపం. ఇక్కడికి వచ్చే సైకిలుకు అల్యూమినియం రిమ్ములు గానీ డ్రమ్ బ్రేకులు గానీ ఉండితీరాలి.

ఇంటింటా బైకు వస్తుంటే ఈ తాపత్రయం ఎందుకని అడగవచ్చు. బైకు ఉన్న ఇంట్లోనూ దాని తాళం ఒకరి జేబులోనే ఉంటుంది, ఎక్కువగా మగవాడి జేబులో. లీటరు పెట్రోలు వంద దాటింది. బడికి వెళ్లే పిల్లకు, రేషను తేవాల్సిన తల్లికి మిగిలేది నడకే. బిహార్ 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. దాని ఫలితాన్ని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ లెక్కగట్టి చూస్తే, బాలికల ఉన్నత పాఠశాల చేరికలు 32 శాతం పెరిగాయి. బడి మూడు కిలోమీటర్లు, ఆపైన ఉన్న ఊళ్లలోనే ఆ మేలు ఎక్కువ. బిహార్ మైదానం కదా అంటే, నిజమే. అందుకే అక్కడి సైకిలునే ఇక్కడికి మోసుకురావద్దంటున్నాను. సైకిలే అన్నిటికీ మందు అనడం లేదు. డోలీలో గర్భిణిని మోసే ఊరికి ముందు కావాల్సింది రోడ్డు, అంబులెన్సు. సైకిలును చూపి ఆ రెంటినీ వాయిదా వేస్తే అది ద్రోహం. కానీ రోడ్డు పడ్డ ఊళ్లూ ఉన్నాయి, అక్కడి ఆడవాళ్లు ఆ తారు మీద ఇంకా నడిచే వెళ్తున్నారు.

పంచిన సైకిళ్లు తుప్పు పడుతున్నాయన్న ఆక్షేపణకు జవాబు బజారులోని ఆ సైకిళ్ల మనిషి దగ్గరే ఉంది. పావలా పాటి గోళీ, ఒక ట్యూబు, ఒక బ్రేకు రబ్బరు దగ్గర్లో దొరక్క సైకిలు మూల పడుతుంది. తప్పు వాడేవాళ్ల మీదికి పోతుంది. సైకిలుతోపాటే విడిభాగాల పెట్టె ప్రతి మండలానికీ రావాలి. పాడేరు ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) కుర్రాళ్లకు నేర్పించే పనుల్లో బైకు మెకానిజం పక్కన సైకిలు పనికీ చోటివ్వాలి, నేర్పే బాధ్యత అతనిలాంటి వాళ్ల చేతులకే అప్పజెప్పి జీతం కట్టాలి. ఫ్రీవీలు మార్చడానికి కావాల్సింది ఒక చిన్న పనిముట్టు, కాసేపటి పని. ఆ 22 పళ్ల చక్రం మాత్రం ముంచింగిపుట్టులో దొరకాలి.