నెహ్రూ ప్లేస్‌లో ఒక శనివారం

ఢిల్లీకి వచ్చిన తెలుగువారు ఎర్రకోటను, కుతుబ్ మీనారును చూస్తారు. తీరిక చిక్కితే ఆగ్రా కూడా వెళ్ళి వస్తారు. నెహ్రూ ప్లేస్‌ను చూడడానికి పనిగట్టుకొని వెళ్ళేవారు అరుదు. బదిలీపై ఈ నగరానికి వచ్చి మూడేళ్ళు గడిచినా నేనూ అటువైపు అడుగుపెట్టలేదు. తీరా వెళ్ళవలసి వచ్చినప్పుడు అది విహారయాత్ర కాలేదు. మా నాన్నగారి గొంతును వెదుక్కుంటూ వెళ్ళిన ప్రయాణమయింది.

నాన్నగారు పల్లెటూరి బడిలో తెలుగు పండితులు. గజేంద్ర మోక్షం పద్యాలను రాగయుక్తంగా చదివేవారు. ఆయన చదువుతుండగా మా చెల్లెలు టేపు రికార్డరులో పట్టిన క్యాసెట్లు నాలుగు ఉండేవి. వాటికి బూజు పట్టడం మొదలయ్యాక, 2009లో అందులోని పద్యాలను కంప్యూటరులోకి ఎక్కించాము. 2012లో నాన్నగారు కాలం చేశారు. క్యాసెట్లూ పాడయ్యాయి. ఇక ఆ గొంతు మిగిలింది ఒక పాత హార్డ్ డిస్కులో మాత్రమే. రెండో ప్రతి తీసి పెట్టుకోవాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఎన్నోసార్లు వాయిదా వేశాను.

ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి సెలవుల్లో విడిభాగాలు కొని స్వయంగా ఒక కంప్యూటరును కూర్చాడు. పాత హార్డ్ డిస్కును, పాత డీవీడీ రైటరును కొత్త మదర్‌బోర్డుకు తగిలించాడు. యంత్రం చక్కగా మేల్కొన్నది గాని, ఆ రెండూ తెరమీద కనబడలేదు. కేబుళ్ళు మార్చాడు. ఒకదాని పోర్టులో మరొకదానిని పెట్టి చూశాడు. యంత్రం తన అవయవాలను లెక్కచూపే బయోస్ తెరలో సైతం ఆ రెండు పోర్టులూ ఖాళీ అనే ఉంది. "డిస్కు పోయినట్టుంది నాన్నా" అన్నాడు మెల్లగా. తాతగారి గొంతు అందులో ఉన్న సంగతి వాడికీ తెలుసు.

మరునాడు శనివారం. కంప్యూటరును దుప్పటిలో చుట్టి, సెంట్రల్ సెక్రటేరియట్ స్టేషనులో వయొలెట్ లైను మెట్రో ఎక్కాము. స్టేషను వాకిట ఎక్స్‌రే యంత్రంలోంచి మా మూట సాగిపోయింది. దాని లోపలి ఎముకలన్నీ భద్రతా సిబ్బందికి కనబడి ఉంటాయి. రోగం మాత్రం కనబడదు కదా! లాజ్‌పత్ నగర్ వచ్చేసరికి బండి నేలమీదికి, ఆపైన వంతెన మీదికి చేరింది. కాస్సేపటికి నెహ్రూ ప్లేస్ వచ్చింది. 1986లో ప్రారంభమైన, ఇరవై ఏడు పాలరాతి రేకుల కమలాలయం ఇక్కడికి చేరువలోనే ఉంది. కాల్కాజీ అమ్మవారి గుడి కూడా అటే. భక్తులు అటు, మేము ఇటు సాగిపోయాము.

ఢిల్లీ అభివృద్ధి సంస్థ ప్రణాళిక మేరకు 1970 దశకంలో రూపుదిద్దుకోసాగిన వాణిజ్య కేంద్రమిది. ఎత్తయిన కార్యాలయ భవనాలు, వాటి నడుమ విశాలమైన రాతి పరపు ప్రాంగణం. ఒక వరుసలో వస్త్ర దుకాణాలు. తక్కిన చోట్లన్నీ కంప్యూటర్ల రాజ్యం. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరును, చెన్నైలోని రిచీ వీధిని ఎరిగినవారికి ఈ సందడి కొత్త కాదు. మెట్ల కింద మూరెడు జాగాలో ఒకరు కీబోర్డులు తుడుస్తుంటారు; పక్కనే మరొకరు ల్యాప్‌టాపు కడుపు విప్పి కూర్చుంటారు. "ఏం కావాలి సార్?" అనే పిలుపు నాలుగు వైపుల నుంచీ వినబడుతూనే ఉంటుంది.

మొదట ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాము. అక్కడి యువకుడు డిస్కు మీది తేదీని చూసి, ఇంత పాతది బతికి ఉండదన్నాడు. సమాచారం వెలికితీయడానికి వేల రూపాయలవుతుందనీ, డిస్కును వదిలి వెళ్ళమనీ చెప్పాడు. నా చేయి జేబులోకి పోయింది కూడా. అబ్బాయి నా మోచేయి పట్టుకొని, "ఇంకొకరికి చూపిద్దాం నాన్నా" అన్నాడు.

రెండో అంతస్తు నడవా చివర, బల్ల ముందు కూర్చున్న ఒక పెద్దాయనకు చూపించాము. ఆయన ముందుగా విద్యుత్తు ఇచ్చి, హార్డ్ డిస్కు మీద అరచేయి ఆనించారు. టకటక శబ్దం లేదు. సన్నగా, సమంగా తిరుగుతున్న కదలిక మాత్రమే ఉంది. "దీని గుండె ఆడుతోంది" అన్నారు హిందీలో. తరువాత మా అబ్బాయిని ఒకే ఒక ప్రశ్న అడిగారు. "బేటా, డిస్కు పోయిందంటున్నావు, సరే. డీవీడీ రైటరు కూడా అదే రోజు, అదే గడియలో ఎలా పోయింది?"

అబ్బాయి నోట మాట లేదు. రెండు వస్తువులు ఒకేసారి మాయమైతే, తప్పు వాటిలో కంటే ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్నదానిలో ఉండడమే సంభవం. ఆయన టార్చి వేసి బోర్డును పరిశీలించారు. ఆరు సాటా పోర్టుల్లో నాలుగింటికి పొడవాటి గ్రాఫిక్స్ కార్డు అడ్డుగా ఉన్నది. అందువల్ల చేతికి అందిన అయిదు, ఆరు పోర్టులనే మావాడు వాడాడు. కొంచెం దిగువన, వేలెడంత పొడవున్న ఎం.2 రకపు ఎస్.ఎస్.డి. బిగించి ఉన్నది. "బోర్డుతో వచ్చిన పుస్తకం ఏది?" అని అడిగారు. అది ఇంట్లో అట్టపెట్టెలో, ఒక్కసారైనా తెరవకుండా ఉంది. ఆ పుస్తకాన్ని అక్కడికక్కడే ఫోనులో తెరిపించి, ఒక పుట అడుగున చిన్న అక్షరాలను చూపించారు. ఆ ఎం.2 స్లాటులో పరికరం ఉన్నప్పుడు అయిదు, ఆరు సాటా పోర్టులు పనిచేయవని అందులో స్పష్టంగా ఉంది!

దీని మర్మం రైల్వే జంక్షను తెలిసినవారికి సులభంగా బోధపడుతుంది. మదర్‌బోర్డు మీది చిప్‌సెట్ నుంచి బయలుదేరే దారులు పరిమితం. అందుచేత కొన్ని బోర్డుల్లో ఒకే దారిని ఎం.2 స్లాటుకూ, ఒకటి రెండు సాటా పోర్టులకూ ఉమ్మడిగా ఇస్తారు. లైను ఒక బండికి ఇచ్చాక రెండో బండికి సిగ్నలు పడదు. బండి చెడిపోలేదు, పట్టాలూ విరగలేదు; దారి మరొకరికి ఇవ్వబడింది, అంతే. ఏ పోర్టులు మూతపడతాయన్నది బోర్డును బట్టి మారుతుంది.

ఆయన గ్రాఫిక్స్ కార్డును తీసి, రెండు కేబుళ్ళనూ ఒకటి, రెండు పోర్టులకు మార్చి, కార్డును తిరిగి బిగించారు. బయోస్ తెరలో రెండు పేర్లూ ప్రత్యక్షమయ్యాయి. పుచ్చుకున్నది వంద రూపాయలు. వెళ్ళబోతుంటే మరొక హెచ్చరిక చేశారు. "పాత డిస్కును తగిలించినప్పుడు దానిని 'ఇనీషియలైజ్' చేయమనో, 'ఫార్మాట్' చేయమనో కంప్యూటరు అడిగితే తొందరపడి ఒప్పుకోకండి. కొత్త డిస్కుకు అది నామకరణం. నిండు డిస్కుకు ప్రాణాంతకం."

ఇంట్లో కంప్యూటరు కూర్చుకొనే యువతీయువకులు మా సహోద్యోగుల కుటుంబాల్లో అనేకులు ఉన్నారు. వారికి నా మనవి ఇది. డ్రైవు కనబడనప్పుడు ముందు విద్యుత్తు అందుతున్నదో లేదో, డేటా కేబుల్ బిగువుగా ఉన్నదో లేదో చూడండి. కేబుల్ మార్చండి, పోర్టు మార్చండి. బయోస్‌లో ఆ పోర్టు మూసి ఉన్నదేమో పరిశీలించండి. బోర్డు పుస్తకంలోని చిన్న అక్షరాలను చదవండి. డిస్కు చచ్చిపోయిందనే తీర్పు అన్నిటికంటే చివర రావాలి. అన్నిటికంటే ముందు, పోగొట్టుకోలేనిదానికి రెండో ప్రతి తీసి వేరే చోట ఉంచండి.

ఆ సాయంత్రం మా క్వార్టర్సులో నాన్నగారి గొంతు వినబడింది. పద్యం మధ్యలో ఆయన దగ్గు, వెనుక ఎక్కడో మా అమ్మ బిందె దించిన చప్పుడు. అబ్బాయి కదలకుండా కూర్చొని విన్నాడు. పద్యాలు ముగిశాక లేచి రెండు ప్రతులు తీశాడు. ఒకటి మా ఇంట ఉంది. రెండోది మరునాడే విజయవాడలోని మా చెల్లెలికి పంపించాము.