గాటా మలుపుల మీద ఒంటరి సైకిల్

మనాలి–లేహ్ దారిలో సర్చూ నుంచి పాంగ్‌కు సుమారు 80 కిలోమీటర్లు. ఒంటరి సైకిలిస్టుకు తెల్లవారుజాము నుంచి పొద్దుగూకేదాకా పని.

ముందు గాటా లూప్స్, 21 మలుపులు. అతి చిన్న గేరు వేసి, ముందు చక్రం మీదే చూపు నిలిపి, తొక్కు తొక్కుకూ ఊపిరి తీసుకుంటూ ఎక్కుతాడు. ఆగి వంగి చూస్తే, పడ్డ కష్టమంతా కొండ వాలున మెలికలు తిరిగి కనిపిస్తుంది. ఎంత తృప్తి!

ఆ మలుపుల పైన నకీ లా కనుమ దాటగానే దిగుడు. సంపాదించిన ఎత్తు చేజారుతుంది. అసలు పరీక్ష ఇదే. మళ్లీ ఎక్కితేనే 5,000 మీటర్లు దాటిన లాచులుంగ్ లా. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదాంట్లో దాదాపు సగమే.

వెళ్లాలనుకునేవారు దారిలో ముందే వచ్చే జిస్పాలోనో కేలాంగ్‌లోనో రెండు రోజులు ఆగి, ఒంటికి ఎత్తు అలవాటయ్యాకే బయల్దేరండి.