టొరాంటోలో సంగటి

పొద్దున ఆరుగంటలకి ఫోను మోగిందంటే మా ఇంట్లో రెండే అర్థాలు. పాలవాడు ఇవాళ రానని చెప్పడానికైనా అయివుండాలి, టొరాంటోలో ఉన్న మా అన్న కూతురికి ఏదో తోచైనా వుండాలి. పాలవాడైతే నయం. రెండు మాటల్లో ముగిస్తాడు.

"అత్తా, వచ్చే శుక్రవారం మా ఆఫీసులో ఎవరి సంప్రదాయ వంట వాళ్ళు చేసుకోనొచ్చి అందరికీ పెట్టాలంట. నేనేం చేసుకోని పోవాల?" అంది. అక్కడ ముందురోజు రాత్రి. దానికి తీరిక. నాకేమో పొయ్యిమీద డికాక్షను.

"మిగతావాళ్ళేం తెస్తున్నారే?" అన్నాను. ఎదురుప్రశ్న వేస్తే కాస్త ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. నవలలు రాసేవాళ్ళకి ఈ విద్య బాగా తెలుసు.

ఇంక చూడండి, కెనడా వంటల మీద ఉపన్యాసం మొదలెట్టింది. క్యుబెక్ నించి వచ్చినాయన వాళ్ళ పండగ మాంసం పిండివంట తెస్తాడట. దాని పేరు టూర్తియేర్. క్రిస్మస్ రాత్రి అది లేకపోతే వాళ్ళకి పండగే కాదట. వాళ్ళదే ఇంకొకటి పూటీన్. ఆలుగడ్డ ముక్కలు వేయించి, వాటిమీద విరిగిన జున్నులాంటి పచ్చి చీజు ముక్కలు చల్లి, పైన వేడివేడి పులుసు పోయడం. 1950ల్లో క్యుబెక్ పల్లె హోటళ్ళలో పుట్టిన తిండి. చాలాకాలం పట్నంవాళ్ళు దాన్ని చూసి మూతి ముడిచేవారట, పల్లెటూరి మొరటు కూడని. ఇప్పుడు దేశమంతా "మాది, మాది" అంటోంది. మరొకామె మేపుల్ పాకం పోసిన అట్లు తెస్తానందిట. చెట్టుకి చిన్న బెజ్జం వేసి రసం పట్టి, నలభై లీటర్లు కాస్తే ఒక లీటరు పాకం అవుతుందట. మా హిందూపురం వైపు బెల్లం వండేవాళ్ళు వింటే ఆ ఓపికకి దణ్ణం పెడతారు.

నాకు వీటన్నిటికంటే నచ్చింది లాబ్‌స్టర్ కథ. మనవైపు పెద్ద హోటళ్ళలో దాని ధర అడగడానికే జంకుతాం కదా, ఆ సముద్రపు జీవి. కెనడా తూర్పు తీరంలో ఒకప్పుడు అది పేద జాలరివాళ్ళ తిండి. బడికి రొట్టె మధ్యలో లాబ్‌స్టర్ పెట్టుకొచ్చిన పిల్లలు సిగ్గుతో మూల కూర్చుని తినేవాళ్ళనీ, పక్కవాడి శెనక్కాయ వెన్న రాసిన రొట్టెతో మార్చుకునేవాళ్ళనీ అక్కడి పెద్దవాళ్ళు చెప్పుకుంటారట. శెనక్కాయ మాట వినగానే నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. అనంతపురం దానిని కదా!

"సరేలే, నువ్వు పులిహోర చేసుకోపో. ఎవరికైనా నచ్చుతుంది" అన్నాను.

"పులిహోర అందరూ తెస్తారత్తా. నేను అవ్వ చేసే సంగటి చెయ్యాలనుకుంటాండా. ఊరిబిండితో. అమ్మనడిగితే కుక్కర్లో పెట్టమంటాది. కుక్కర్లో అవ్వ సంగటి వస్తాదా? నువ్వు చెప్పు. నీ నవలలో నాలుగు పేజీలు రాసినావు గదా దాని గురించి!"

రాశాను. నిజమే. "సంగటి ముద్ద నడుమ గుంతలో కరుగుతున్న నెయ్యి" అంటూ ఏవేవో రాశాను. ఆ పేజీలు మెచ్చుకుంటూ పాఠకురాళ్ళు ఉత్తరాలు కూడా రాశారు. రాయని సంగతేమిటంటే, నా చేత్తో నేను ఒక్కనాడు కూడా సంగటి కెలికి ఎరగను.

కొంచెం నేపథ్యం చెప్పాలి. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని మా దాకా వట్టిచేతులతో వస్తాయి. ఈశాన్యం మబ్బులు తీరంలోనే అలసిపోతాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ కురిస్తే. అలాంటి నేలలో వరి ఎక్కడ పండుతుంది? రాగులు, కొర్రలు, జొన్నలు, వాటితోపాటు శెనక్కాయలు. బియ్యపు అన్నం పండగకి, చుట్టాలకి, జ్వరం వచ్చినవాళ్ళకి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఇంటింటా అన్నం కుండ ఎక్కింది. మంచిదే, ఆకలి తీరింది. దాంతోపాటు ఇంకొకటి కూడా జరిగింది. అన్నం తినేవాళ్ళు ఒక మెట్టు పైనా, సంగటి తినేవాళ్ళు ఒక మెట్టు కిందా అయ్యారు. నేను పెరిగింది సరిగ్గా ఆ రోజుల్లో.

అనంతపురంలో బి.ఏ. రెండో ఏడు చదువుతుండగా నా హాస్టలు స్నేహితురాలు ఒకమ్మాయి "మీ ఊరు చూస్తా"నని వెంటపడింది. రాజమండ్రి వైపు పిల్ల. గోదావరి నీళ్ళు తాగి పెరిగింది. ఆ ఏడు మాకు వాన లేదు. శెనక్కాయ చేలు పిందె దశలోనే ఎండిపోయాయి. మేం చెప్పాపెట్టకుండా మధ్యాహ్నం పన్నెండింటికి బస్సు దిగాం. అమ్మ అప్పుడే సంగటి దించి, తడి చేత్తో ముద్దలు చేసి పళ్ళెంలో పెడుతోంది. రోట్లో ఊరిబిండి నూరివుంది. గోంగూర పప్పు కూడా ఉన్నట్టు గుర్తు.

నా స్నేహితురాలు ఆ నల్లటి ముద్దల్ని వింతగా చూసి, "ఏమిటే ఇవి?" అంది. వేళాకోళమేం కాదు పాపం, తెలియక అడిగింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"అవా, మా జీతగాళ్ళకిలే" అన్నాను.

అమ్మ చెయ్యి ఒక్కసారి ఆగింది. తలెత్తి నా వైపు చూడలేదు. పళ్ళెం మీద మూత వేసి లోపల పెట్టి, అన్నని పిలిచి ఏదో చెప్పింది. అన్న పక్కింటికెళ్ళి తువ్వాల్లో సేరు బియ్యం మూటగట్టుకొచ్చాడు. గంట తరవాత మాకు వేడి అన్నం, పప్పు, నెయ్యి. స్నేహితురాలు ఊరిబిండి మూడుసార్లు అడిగి వేయించుకుంది. నేను మాత్రం అన్నమే చూసుకుంటూ తిన్నాను.

ఆ రాత్రి స్నేహితురాలు నిద్రపోయాక, నీళ్ళు తాగుదామని వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ మధ్యాహ్నపు సంగటి మజ్జిగలో పిసుక్కుని ఉల్లిగడ్డ నంజుకుంటూ తింటోంది. పొద్దున పళ్ళెం మొత్తం అలాగే ఉంది. ఏమనాలో తెలీక గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ నవ్వింది.

"ఈ యేడు మనింట్లో ఉండేది ఒక జీతగత్తెనే గదా మే. తింటాండాలే. పో, పొణుకో."

అంతే. తిట్టలేదు. ఆ తరవాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. అయితే ఆ రోజునించి నేను ఇంటికి వెళితే నాకు అన్నమే. పక్కన ఎవరున్నా లేకపోయినా సరే. అడిగి పెట్టించుకుందామంటే నాకు నోరు రాలేదు. పెళ్ళయ్యాక మరీనూ. మావారిది గుంటూరు వైపు. అత్తవారింట్లో నేను కళ్యాణదుర్గం పిల్లనని తెలుసు గాని, సంగటి తిని పెరిగానని ఎవరికీ తెలియదు. "మీ వైపు ఏం వండుకుంటారమ్మా?" అని మా అత్తగారు అడిగితే ఓళిగల గురించి చెప్పాను, బొరుగులతో ఉగ్గాని, దాని పక్కన మిరపకాయ బజ్జీ గురించి చెప్పాను. అవి చెప్పుకోవచ్చు కదా.

తమాషా ఏమిటంటే పదేళ్ళ కిందట మావారికి సుగరు వచ్చింది. డాక్టరు రాగులు తినమన్నారు. 2023ని చిరుధాన్యాల సంవత్సరమని ప్రపంచమంతా జరుపుకుంది. మా బజార్లో కొర్రలు ఇప్పుడు సన్నబియ్యం కంటే ఖరీదు. హోటళ్ళ బోర్డుల మీద రాగిసంగటి, నాటుకోడి పులుసు అని రంగురంగుల అక్షరాలు. అందరూ తినడం మొదలెట్టాకే నేనూ ధైర్యంగా నవలలోకెక్కించాను. ఇందులో ఏం గొప్ప ఉందో మీరే చెప్పండి.

ఇవన్నీ ఫోనులో చెప్పగలనా? "ఒక గంట ఆగి చేస్తానే" అని పెట్టేసి, గుట్టుగా మా వదినకి ఫోను చేశాను. వదిన పకపకా నవ్వింది. "నాకు కుక్కరు సంగటే వస్తాది గానీ, అత్త చేసేది చూసినా కదా" అంటూ చెప్పుకొచ్చింది. గుప్పెడు నూకలు ఎసట్లో వేసి మెత్తగా ఉడకనివ్వాలి. రాగిపిండి నడిమధ్య కుప్పగా పొయ్యాలి, కలపకూడదు. కట్టెతో కుప్ప మధ్యలో గుంత చేసి, సన్నసెగమీద పిండి ఉడికేదాకా ఓపికపట్టాలి. దించాక గుడ్డపేలికలతో గిన్నెని రెండు పాదాల మధ్య బిగించి, కట్టెతో బలంకొద్దీ కెలకాలి. "ఉండలు కట్టినాయంటే పిండి ఉడకలా అని లెక్క. తొందరపడకూడదు వదినా, నీకేమో తొందరెక్కువ" అని ఓ చురక కూడా వేసింది.

ఆ పూట నేనూ చేశాను. మొదటిసారి ఉండలు కట్టింది. రెండోసారి అడుగంటింది. మూడోది ముద్దకొచ్చింది. మావారు దాన్ని నములుతూ కూర్చున్నారు. "నమలకూడదండీ, తుంచి పులుసులో ముంచి మింగాలి" అన్నాను. నాకే ఆశ్చర్యమేసింది, ఆ మాట అమ్మ గొంతులాగే ఉంది.

శనివారం పొద్దున మళ్ళీ ఫోను. సంగటి సగం మిగిలిందట. అందరూ నమిలారట, పళ్ళకి అంటుకుందని నవ్వారట. ఊరిబిండి మాత్రం గిన్నె ఊడ్చేశారట, శెనక్కాయ వెన్నకి కారం పెట్టినట్టుందని. ఒకామె మాత్రం రెండో ముద్ద అడిగి పెట్టించుకుందట. ఆమె అక్కడి ఆదివాసుల బిడ్డ. ఆమె తెచ్చింది బానక్ అనే గోధుమ రొట్టె. స్కాట్లండు వాళ్ళ నించి నేర్చుకున్న వంటే గాని, వాళ్ళని తమ నేలనించి కదిలించి రిజర్వులకి తోలి, రేషను కింద పిండీ కొవ్వూ ఇచ్చిన రోజుల్లో అదే వాళ్ళకి ప్రాణాధారమైందట. వాళ్ళలో కొందరికి ఆ రొట్టె అంటే ప్రాణం, కొందరికి దాన్ని చూస్తేనే కడుపులో దుఃఖమట.

"వాళ్ళమ్మ చేసే బానక్ అంటే తనకి చిన్నప్పుడు సిగ్గుగా ఉండేదంట అత్తా. అట్ల ఎట్ల సిగ్గుపడతారో నాకర్థం కాలా" అంది మా మేనకోడలు.

నేను డికాక్షను పొంగుతోందని చెప్పాను. పొంగడం లేదు.

"అన్నట్టు అత్తా, అవ్వ సంగటి కట్టె నీ దగ్గరే ఉండాది గదా? గరిటెతో కెలికితే చెయ్యి నొప్పి పుట్టింది. ఎవరైనా ఇటు వస్తే వాళ్ళ చేత పంపు."

అమ్మ పోయి ఆరేళ్ళు. ఇల్లు సర్దినప్పుడు అన్న నన్నేం కావాలో తీసుకోమంటే నేను తెచ్చుకుంది ఆ ఒక్క కట్టెనే. అది మొన్నటిదాకా అటకమీద కాగితం చుట్టి ఉండేది. చేత్తో పట్టుకునే చోట అరిగి నున్నబడింది. ఇప్పుడు పొయ్యి పక్కన గూట్లో ఉంది. వచ్చే నెలలో మా వీధివాళ్ళ అబ్బాయి కెనడా వెళుతున్నాడు. అతన్ని ఇంకా అడగలేదు. వడ్రంగిని పిలిచి అలాంటిదే ఇంకొకటి చేయించి పంపుదామా అని చూస్తున్నాను.