పుట్టకొక్కులకూ ఒక పేజీ

ఫోటో అనగానే పులో, నెమలో గుర్తుకొస్తుంది. కానీ వానలు వెనుకబట్టి శరదృతువు మొదలయ్యే రోజుల్లో మన ఊళ్లలో చెలకలూ చెరువు కట్టలూ చిన్న చిన్న ప్రాణులతో నిండిపోతాయి. ఎం.ఎస్సీ. చదువుతున్న మేము నలుగురం మిత్రులం సెలవులకు వెళ్లినప్పుడల్లా సెల్‌ఫోన్లతో వాటినే ఫోటోలు తీస్తున్నాం.

శిలీంధ్రాల గురించి పుస్తకంలో చదివాం. కానీ వాటిని చూపించింది మాత్రం కూలికి వెళ్లే మా అమ్మలూ, అవ్వలే. కొన్ని రకాల చెదపురుగులు ఆకూ పుల్లా తిని, తాము విసర్జించిన దానితో నేల లోపల స్పాంజిలాంటి గూళ్లు కట్టి, వాటి మీద శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి. నేల నానాక అదే వేరులాంటి పొడవైన కాడతో పైకొచ్చి గొడుగు విప్పుతుంది. అదే పుట్టకొక్కు. శాస్త్రంలో దాని పేరు టెర్మిటోమైసిస్. ఆ పేరు తెలియకపోయినా, ఏ పుట్ట దగ్గర ఏ వానకు లేస్తుందో మా అవ్వలకు తెలుసు.

మేము ఒక్కో కొక్కుకు మూడు ఫోటోలు తీస్తాం: పైనుంచి ఒకటి, గొడుగు కింది రేకులు కనిపించేలా ఒకటి, కాడ మొదలు కనిపించేలా ఒకటి. సైజు తెలియడానికి పక్కన రూపాయి బిళ్ల పెడతాం. తేదీ, చోటు, ఊరివాళ్లు పిలిచే పేరు నోటుబుక్కులో రాస్తాం. ఫోటో చూసి 'తినొచ్చు' అని మాత్రం ఎవరికీ చెప్పం. గడ్డిలో తెల్లగా మొలిచే క్లోరోఫిల్లం అనే రకం చూడ్డానికి మంచిదానిలాగే ఉంటుంది, తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

దసరాకు పాలపిట్టను చూడటం మన ఆచారం. అందుకోసం దాన్ని పట్టి పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కరెంటు తీగ మీద వాలిన పిట్టను ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు చూపిస్తే ఆచారమూ నిలుస్తుంది, పిట్టా బతుకుతుంది.

2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద గ్రామ పంచాయతీల్లో జీవవైవిధ్య కమిటీలు ఉండాలి. ఊరి మొక్కలు, ప్రాణులు, వాటి గురించి ఊరివాళ్లకు తెలిసిన సంగతులు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులోకి ఎక్కాలి. ఆ తెలివి బడి మెట్లెక్కని మనవాళ్ల దగ్గరే ఉంది. రాయగలిగేది మనమే. మనం రాయకపోతే అది వాళ్లతోనే పోతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ దసరా సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి. ముందు అవ్వను అడిగి పేరు రాసుకోండి, తర్వాత ఫోటో తీయండి.