బాబుకు చెప్పిన సంగతి

మా పేర్లు వేయవద్దని సంపాదకులను కోరాము. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మాది విస్సన్నపేట ప్రాంతం, మామిడి తోటల వాళ్ళం. పెళ్ళయిన తొమ్మిదేండ్ల వరకు మాకు బిడ్డలు లేరు. స్త్రీల సమాజంలో హన్నాను గూర్చి వాక్యం చెప్పినప్పుడల్లా అందరి చూపులూ మాలో భార్య మీదికే తిరిగేవి. లోపం భర్తలో ఉందని విజయవాడలో డాక్టరు చెప్పిన సంగతి మేము ఎవరితోనూ అనలేదు. తర్వాత దాత ఇచ్చిన వీర్యంతో మా బాబు పుట్టాడు. ఇది తగునా తగదా అని సంఘములో వేర్వేరు అభిప్రాయాలున్నాయి. ఆ వాదన మేము ఎత్తుకోము. బిడ్డ వచ్చేశాడు. "అచ్చం తాత ముక్కే" అని నానమ్మ మురిసిపోతుంటే మేమిద్దరం తలలు దించుకునేవాళ్ళం.

బాబు కాస్త మొండికేసినా "అందువల్లనేమో" అని భయపడేవాళ్ళం. ఆ భయానికి ఆధారం లేదని తర్వాత తెలిసింది. కేంబ్రిడ్జిలో సూసన్ గోలంబాక్ అనే ఆచార్యురాలు, ఆమె తోటివారు ఇటువంటి కుటుంబాలను పిల్లల పసితనం నుండి ఇరవై ఏండ్ల వరకు గమనించారు. దాత వీర్యం, దాత అండం, అద్దె గర్భం ద్వారా బిడ్డలను పొందిన 65 ఇళ్ళను మామూలు ఇళ్ళు 52తో పోల్చి చూశారు. 2023లో వచ్చిన ఫలితాలలో పిల్లల మానసిక ఆరోగ్యంలో తేడా కనబడలేదు. అయితే ఏడేండ్లలోపే సంగతి తెలిసిన పిల్లలకు తల్లితో పొరపొచ్చాలు తక్కువ. ఆ తల్లులకు దిగులూ తక్కువే.

భర్త లేకుండా ఇలా కన్న తల్లుల పిల్లలను కూడా ఆమె పరిశీలించారు. వారూ బాగానే ఉన్నారు. మన దేశంలో 2021 చట్టం ఒంటరి స్త్రీకి కూడా ఆ వీలిచ్చింది. అటువంటి ఇంట్లో "నాన్న ఏడీ?" అని బిడ్డే అడుగుతాడు. దాచడం తేలికైనది మా వంటి ఇళ్ళలోనే.

బాబుకు ఆరేండ్లు నిండాయి. "వీడు నన్ను నాన్నా అని పిలుస్తాడా" అన్నదే మా ఇంట్లో రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వని మాట. మత్తయి సువార్తలో వంశావళి యోసేపు వరకు వస్తుంది గదా. పోలిక తప్పేమో గాని, మాకు ధైర్యమిచ్చింది అదే.

వానలు పడ్డాక తోటలో అంటు కడుతున్నారు. టెంక మొలకకు చిన్న రసం కొమ్మ చేర్చి కట్టడం బాబు చూస్తున్నాడు. అక్కడే చెప్పాము: "నువ్వు పుట్టడానికి కావలసింది నాన్న దగ్గర లేదురా, ఒకాయన ఇచ్చాడు" అని.

"డబ్బులిచ్చారా?" అన్నాడు. ఇచ్చామన్నాము. ఆడుకోవడానికి పోయాడు.

రెండు వారాలకు, పడుకోబోతూ, "నాన్నా, ఆయన కూడా నాలాగా ఎడమ చేత్తో రాస్తాడా?" అని అడిగాడు. తెలియదన్నాము. బ్రిటనులో 2005 ఏప్రిల్ 1 తర్వాతి దాతల పేర్లు బిడ్డ 18 ఏండ్లకు తెలుసుకోవచ్చు. మన దగ్గర అది గోప్యమే.

నానమ్మకు ఇంకా చెప్పలేదు. మా కొరకు ప్రార్థించండి. ఈ పత్రిక ఆమెకు నెలనెలా వస్తుంది, అట్ట నుండి అట్ట దాకా చదువుతుంది. ఇది అచ్చయ్యేలోగా చెప్పాలి.