గార ఎక్కడుందో తెలిశాకే తెలుపు: నల్లమాడ పర్యటన

శ్రీ సత్యసాయి జిల్లాలో పుట్టపర్తికీ కదిరికీ నడుమ ఉన్న మండల కేంద్రం నల్లమాడ. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేదాకా ఇది అనంతపురం జిల్లాలో భాగం. రాతి గుట్టలు, వేరుశనగ చేలు, బోరుబావులు ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో పళ్ళ గార గురించి తెలుసుకోదలచిన సందర్శకుడు మొదట పరిశీలించవలసింది తాగునీటిని. గ్రానైటు జాతి శిలల్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు భూగర్భ జలంలోకి చేరుతుంది. వాన తక్కువ, ఆవిరయ్యే నీరు ఎక్కువ అయిన చోట దాని సాంద్రత మరింత పెరుగుతుంది. లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు గరిష్ఠంగా 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. పాత అనంతపురం జిల్లాలో అనేక గ్రామాల బోరు నీరు ఈ హద్దు దాటినందువల్ల కూడా 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకానికి అంత ప్రాధాన్యం వచ్చింది. మన దేశంలో ఫ్లోరైడు మితిమీరడం వల్ల వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు మొదట వివరంగా నమోదు చేసినది కూడా తెలుగు నేల మీదనే, 1937లో, నాటి నెల్లూరు జిల్లా గ్రామాల్లో.

పంటి పైపొర అయిన ఎనామెల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. దానిని నిర్మించే కణాలు పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేసరికే నశిస్తాయి కాబట్టి, అరిగిపోయిన ఎనామెల్‌ను శరీరం మళ్ళీ పుట్టించలేదు. శాశ్వత ముందుపళ్ళ ఎనామెల్ పసితనంలోనే, దవడ ఎముక లోపల తయారవుతుంది. ఆ వయసులో ఫ్లోరైడు మోతాదు మించితే పైన గట్టి పొర ఏర్పడినా, దాని అడుగున ఖనిజం సరిగా నిండక సూక్ష్మ రంధ్రాలు మిగిలిపోతాయి. అటువంటి పన్ను సుద్దలాంటి తెల్లని మచ్చలతో మొలుస్తుంది. గోధుమ రంగు మాత్రం తరువాత, తినే తాగే వాటి నుంచి ఆ రంధ్రాల్లోకి ఇంకుతుంది. పళ్ళు తోమనందువల్లే గార పట్టిందని పిల్లలను నిందించడం ఈ కారణంగా అన్యాయం.

నల్లమాడ బజారులో నడిచినవారికి ఈ అన్యాయపు నింద ఎక్కడికి దారి తీస్తుందో అర్థమవుతుంది. దుకాణాల్లో తెల్లదనం వాగ్దానం చేసే పేస్టులు, బొగ్గు కలిసిన పళ్ళపొడులు దొరుకుతాయి. పెద్దలు కచ్చిక, ఇటుక పొడి, ఉప్పు గురించి చెబితే, యువతరం సెల్‌ఫోనులో చూసిన నిమ్మరసం, వంటసోడా మిశ్రమాన్ని నమ్ముతుంది. నోటిలో ఆమ్లత్వపు సూచిక (pH) 5.5 కంటే తగ్గితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది, నిమ్మరసం సూచికేమో 2కు దగ్గరగా ఉంటుంది. ఆ రసంతో మెత్తబడిన పంటిని గరుకు పొడితో రుద్దితే పోయేది లోపలి మచ్చ కాదు, దానిని కప్పి ఉన్న గట్టి పొర. నమిలి మెత్తబరచిన వేప పుల్లతోనో కానుగ పుల్లతోనో నెమ్మదిగా తోముకోవడంలో ఇంత ప్రమాదం లేదు.

ఈ ప్రాంతవాసులు వైద్యానికి వెళ్ళే కదిరిలో ఒక దంత వైద్యశాలను కూడా ఈ పర్యటనలో చూశాం. అక్కడ తెలుపు చికిత్స మందుతో కాక పరీక్షతో మొదలవుతుంది: పైన పేరుకున్న గార అయితే శుభ్రం చేస్తే చాలు, పిప్పిపన్ను, పగులు, వాచిన చిగుళ్ళు ఉంటే ముందు వాటిని బాగుచేయాలి, ఎందుకంటే తెలుపు మందు పిప్పి, పగుళ్ళ గుండా నేరుగా పంటి లోపలి నాడి దాకా పోతుంది. ఆ మందు హైడ్రోజన్ పెరాక్సైడు, లేదా దానిని నెమ్మదిగా విడుదల చేసే కార్బమైడ్ పెరాక్సైడు. అది ఎనామెల్‌లోకి ఇంకి రంగు అణువులను విడగొడుతుంది. 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడు నుంచి వెలువడేది సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడు మాత్రమే. పంటి అచ్చుకు సరిపడే పలుచని తొడుగులో ఈ మందును జెల్ రూపంలో వేసి రాత్రిపూట ధరించే పద్ధతిని 1989లో హేవుడ్, హైమన్ అనే వైద్యులు ప్రచురించారు. వైద్యశాల కుర్చీలో వాడే 35 శాతం పైబడిన మందు తొందరగా పనిచేస్తుంది గాని, చిగుళ్ళకు రక్షణ పూత తప్పనిసరి, పళ్ళు జివ్వుమనడమూ ఎక్కువ. మందమైన ఎనామెల్ ఉన్నవారికే ఆ తొందర ఇబ్బందికరమైనప్పుడు, అడుగున రంధ్రాలున్న ఫ్లోరోసిస్ పళ్ళకు తక్కువ గాఢత, ఎక్కువ రోజులు అనే మార్గమే సరైనది. జెల్ ఆమ్ల గుణం లేనిదై ఉండాలి. జివ్వుమంటే ఒకటి రెండు రోజులు విరామమిచ్చి, పొటాషియం నైట్రేటు కలిసిన పేస్టు వాడాలి.

చికిత్స నడిచే రోజుల్లో ఎనామెల్‌ను కాపాడేది ముఖ్యంగా లాలాజలం. అందులోని కాల్షియం, ఫాస్ఫేటు కోల్పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి నింపుతాయి. అందువల్ల తొడుగు తీసిన వెంటనే గట్టిగా తోమరాదు. చింతపండు పులుసు, నిమ్మ షర్బత్తు, టీ కొంతకాలం తగ్గించాలి. ఫ్లోరైడు వల్లే పళ్ళు పాడయ్యాయి గనుక ఫ్లోరైడు పేస్టు వద్దనుకునేవారు ఇక్కడ చాలామంది. పన్ను తయారయ్యే వయసులో మింగిన ఫ్లోరైడు హాని చేసింది నిజమే కాని, మొలిచిన పంటికి పైన పూసే ఫ్లోరైడు ఎనామెల్‌ను గట్టిపరుస్తుంది. పసిపిల్లలకు బియ్యపు గింజంత పేస్టు చాలు, దానినీ మింగనివ్వకూడదు.

తెలుపు మందు గోధుమ మచ్చను పలచబరుస్తుంది గాని సుద్ద మచ్చను తొలగించదు. చుట్టూ ఉన్న పన్ను తెల్లబడి ఆ మచ్చ అందులో కలిసిపోయినట్టు కనిపిస్తుంది, అదీ మొదటి రోజుల్లో మరింత స్ఫుటంగా కనబడిన తరువాతనే. మొండి మచ్చలకు ఆమ్లం కలిసిన మెత్తని పొడితో పైపొరను అతి పలుచగా తొలగించే పద్ధతి, ద్రవ రెసిన్‌ను రంధ్రాల్లోకి ఇంకించే పద్ధతి ఉన్నాయి. ఈ రెండూ వైద్యుని చేతిలోనే జరగాలి. గర్భిణులకు తెలుపు చికిత్స వాయిదా వేయాలి. 18 ఏళ్ళ లోపువారికి సాధారణంగా చేయరాదు.

పళ్ళపొడికి డబ్బు పెట్టే ముందు నల్లమాడ పరిసరాల తల్లిదండ్రులు ఇంటి బోరు నీటిలో ఫ్లోరైడు ఎంతో పరీక్ష చేయించి, హద్దు దాటితే పసిపిల్లలకు ఆ నీరు మానిపించాలి. పెద్దవారి పళ్ళ గారను ముందు దంత వైద్యునికి చూపించాలి.