కిమ్ కూడలి వద్ద పది నిమిషాలు

తాపీ, నర్మద అనే రెండు పెద్ద నదుల నడుమ, వాటి కీర్తిలో లేశమైనా పంచుకోక, కిమ్ అనే చిన్న నది పడమటికి సాగి ఖంభాత్ సింధుశాఖలో కలుస్తున్నది. ఆ నది పేరే పెట్టుకున్న ఊరు సూరత్ జిల్లా ఓల్పాడ్ తాలూకాలో ఉన్నది. బొంబాయి, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే 1860లో అంక్లేశ్వర్ నుంచి ఉత్రాణ్ వరకు ప్రారంభించిన తొలి మార్గం ఈ ఊరి మీదుగానే వెళ్ళింది. విజయవాడ, వరంగల్లుల నుంచి అహమ్మదాబాదుకు పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ప్రయాణికులు కూడా ఈ స్టేషన్ దాటుతారు. అయితే, పలక మీది పేరు చదివేలోగా ఊరు వెనుకబడిపోతుంది.

ఊరికి తూర్పుగా ముంబై - ఢిల్లీ రహదారి సాగుతున్నది. ఒకప్పుడు ఎనిమిదో నంబరుగా ప్రసిద్ధమైన ఈ జాతీయ రహదారికి 2010లో 48వ నంబరు ఇచ్చారు. దీనిమీద కిమ్ చోకడీ అనే నాలుగు దారుల కూడలి ఉన్నది. చుట్టూ బట్టల మిల్లులు, మగ్గాల షెడ్లు. రేయింబవళ్ళు లారీల రద్దీ. చూడదగిన వింతలంటూ ఏవీ లేవు. కాని ముంబై నుంచి పాత స్పోర్ట్స్ కారులో వడోదరకు బయలుదేరినవారికి ఇది ఆగదగిన చోటు. 2023 జనవరిలో వడోదర లక్ష్మీవిలాస్ రాజప్రాసాదంలో జరిగినటువంటి పాత కార్ల ప్రదర్శనకు వెళ్ళేవారికి ఇదే దారి. ఇక్కడికి చేరేసరికి సుమారు 300 కిలోమీటర్లు గడుస్తాయి. ఇంకా 120కి పైగా మిగిలి ఉంటాయి. ఇంజన్‌లో ఆయిల్ ఎంత ఉన్నదో చూడవలసిన సమయం ఇదే.

చూడడంలోనూ ఒక పద్ధతి కలదు. రహదారి అంచున ఆపి చూడరాదు. అక్కడి లారీల ప్రమాదం ఒక కారణం. వాన నీరు జారిపోయేందుకు రోడ్డును పక్కకు వాలుగా వేస్తారన్నది రెండవది. వాలులో నిలిచిన కారులో చాంబర్‌లోని ఆయిల్ ఒక ప్రక్కకు ఒరుగుతుంది, కొలత తప్పుతుంది. పెట్రోలు బంకు ఆవరణలో సమతలమైన జాగా చూసుకోవాలి.

1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులో తయారైన ఎం.జి.బి. వంటి కారయితే, ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగాలి. పైభాగాలకు ఎక్కిన ఆయిల్ దిగి చాంబర్ చేరాలి కదా! అప్పుడు డిప్‌స్టిక్ తీసి, శుభ్రంగా తుడిచి, పూర్తిగా లోపలికి దించి, మళ్ళీ తీసి చూడాలి. తుడిచే గుడ్డ నూలు పోగులు రాల్చనిదై ఉండాలి. నదికి రెండు గట్ల వలె డిప్‌స్టిక్‌కు రెండు గీతలుంటాయి. ఆయిల్ వాటి నడుమ, పై గీతకు చేరువగా ఉండడం మేలు.

క్రింది గీతకు దిగితే, మలుపులో వేగంగా తిరిగినప్పుడు ఆయిల్ ప్రక్కకు పరుగెత్తి పంపు గాలిని పీలుస్తుంది. ఆయిల్ అందని బేరింగులు క్షణాలలో అరుగుతాయి. స్పోర్ట్స్ కారు మలుపుల కోసమే పుట్టినది గనుక ఈ ముప్పు దానికే అధికం. పై గీత దాటినా క్షేమం కాదు; క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. కనుక కొద్దికొద్దిగా పోసి, ప్రతిసారీ చూడాలి.

అదే బంకులో ప్రక్కన 1964 - 1998 నడుమ వచ్చిన, గాలితో చల్లబడే పోర్షే 911 నిలిచి ఉంటే నియమం తలక్రిందులవుతుంది. దాని ఆయిల్ విడిగా ఒక టాంకులో ఉంటుంది. ఇంజన్ బాగా వేడెక్కి, మెల్లగా తిరుగుతూ ఉండగానే కొలవాలి. ఆపి కొలిస్తే డిప్‌స్టిక్ మీద ఆయిల్ జాడే కనిపించకపోవచ్చు. అది నమ్మి లీటర్లకొద్దీ పోసినవారు మంచి ఇంజన్‌కు చేటు కొనితెచ్చుకుంటారు. అందుచేత పొరుగు కారు ఆనవాయితీ కాదు, తన కారుతో వచ్చిన పుస్తకమే ప్రమాణం.

ఆయిల్ నల్లబడినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. అది మసిని మోస్తున్నదన్నమాట. పాలవలె తెల్లబడితే నీరు కలిసిందేమోనని అనుమానించాలి. పోయకుండానే మట్టం పెరిగితే సంతోషించరాదు. కార్బురేటర్ నుంచి పెట్రోలు జారి చేరుతూ ఉండవచ్చు. తగ్గుదల కన్నా ఈ పెరుగుదలే మోసకారి. పెట్రోలు ఆయిల్‌ను పలచన చేసి, దాని కాపుదలను హరిస్తుంది.

కిమ్‌కు ఉత్తరాన, కొద్ది దూరంలోనే అంక్లేశ్వర్ ఉన్నది. 1960లో అక్కడ చమురు పడినప్పుడు ఆ బావికి జవహర్‌లాల్ నెహ్రూ వసుధార అని పేరు పెట్టారు. నేల అడుగున దాగిన చమురు జాడ తెలుసుకొనడానికి ఎందరో ఎంతో కాలం శ్రమించవలసి వచ్చింది. బానెట్ క్రింద ఉన్నదాని జాడ తెలుసుకొనడానికి ఒక గుడ్డపీలిక, పది నిమిషాల ఓపిక చాలు. ఆ పది నిమిషాలు కిమ్ కూడలిలో ఒక గ్లాసు టీతో గడిచిపోతాయి. తొందరపడి మిగుల్చుకున్న పది నిమిషాలకు బదులు, నర్మద వంతెన చేరకముందే పట్టేసిన ఇంజన్ పూర్తిగా ఒక దినం అడుగుతుంది.